వాగులు ఎండినప్పుడే వంతెన కింద చూడాలి

2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి వరసగా కదిలినప్పుడు జనమంతా ఇంటి గోడలకేసి చూశారు. ఊరి బయట వంతెన ఎలా ఉందో చూసినవాళ్లు తక్కువ. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చిన భూకంపం గుర్తున్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రకాశం, నెల్లూరు జిల్లాలను భూకంప ముప్పు మ్యాపులో మూడో జోన్‌లో పెట్టింది ఊరికే కాదు. తుఫానుకైతే ముందే కబురు వస్తుంది, భూకంపానికి రాదు.

భూకంపం వస్తే ఏ దారి ఎన్నాళ్లు మూతపడుతుందో కంప్యూటర్ మోడల్‌తో అంచనా కట్టొచ్చు. ఫలానా చోట ఇంత తీవ్రతతో వచ్చిందనుకుని, ఒక్కో వంతెన దగ్గర నేల ఎంత ఊగుతుందో, అది ఎంత దెబ్బతింటుందో, బండ్లు ఎటు తిరిగి పోవాలో లెక్కేస్తుంది. అమెరికాలో రెడార్స్ అనే సాఫ్ట్‌వేర్ ఇందుకే తయారైంది. అక్కడి వంతెనల లెక్కలు తెచ్చి మన గుండ్లకమ్మ వంతెనల మీద అతికిస్తే మాత్రం వచ్చేది రంగుల మ్యాపే.

అందుకే మన వంతెనల సర్వేకి, వాగులు ఎండే మే నెలలో దిగండి. గర్డరు (రోడ్డుని మోసే దూలం) పియర్ (కింది స్తంభం) మీద ఎంత మేర కూర్చుందో టేపుతో కొలవండి. ఊగినప్పుడు జారేది అక్కడే. గర్డరు కింద దిండులా ఉండే రబ్బరు బేరింగు చిట్లి పక్కకి ఉబ్బిందా? పునాది చుట్టూ ఇసుక కోసుకుపోయిందా? ఫొటో తీసి, కట్టిన సంవత్సరం రాసుకోండి. పొదల్లో కర్రతో చప్పుడు చేస్తూ నడవండి, ఎండకి పాములు చేరేది ఆ నీడకే. పెన్నలో దిగేటప్పుడు సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదులుతున్నారేమో ముందు కనుక్కోండి.

మోడల్‌లో రైలు దారినీ, హైవేనీ విడివిడిగా తెగినట్టు అనుకుని చూస్తే సరిపోదు. 2021 నవంబరు వరదకి పడుగుపాడు దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే కూడా తెగింది. పక్కపక్కనే పోయేవి రెండు దారులున్నట్టు కాదు, నా లెక్కలో ఒక్కటే. రెండూ పోతే కావలి నుంచి రోగిని నెల్లూరు చేర్చే దారేదో అప్పుడు అడగండి. ఆ చుట్టుదారిలో ఉన్న పాత కల్వర్టులు కూడా లిస్టులోకి ఎక్కాలి. సాధారణంగా మరిచిపోయేది వాటినే.

లారీ నడిపేవాళ్లకి ఒక మాట. కుదుపు తెలిస్తే వేగం తగ్గించి, కరెంటు తీగలకీ వంతెనకీ దూరంగా ఆపండి. ఆగాక వంతెన మొదట్లో జాయింటు చూడండి. రోడ్డు మెట్టులా దిగి ఉంటే బండి ఎక్కించకండి, వెనకొచ్చే బండ్లని కూడా ఆపండి.