మంగలి కత్తితో గడ్డం: కొత్తవాళ్లకు వచ్చే ఇబ్బందులు, వాటి మూలం

మడత కత్తి కొని నాలుగుసార్లు గీసుకోగానే చాలామందికి “నా చెయ్యి దీనికి పనికిరాదు” అనిపిస్తుంది. మానేసే ముందు ఒకసారి కత్తిని అనుమానించండి. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా పదునులోనే ఉంటుంది.

వెంట్రుకలు తెగడం లేదు, పీకినట్టు నొప్పి

పెట్టెలోంచి తీసిన కొత్త కత్తులు చాలావరకు గడ్డానికి సిద్ధంగా ఉండవు. నా మొదటి కత్తిని “నేరుగా వాడుకోవచ్చు” అని చెప్పే అమ్మారు. వారం పాటు చెంపలు మండాయి. ముంజేతి మీద చర్మానికి తగలకుండా, కాస్త పైనుంచి వెంట్రుకల చివర్లకు అంచు తాకించి చూడండి. చిటుక్కున తెగితే పదునుంది. వెంట్రుక వంగి తప్పుకుంటే లేదు.

పదును లేకపోతే తోలుపట్టీ (గీసుకునే ముందు అంచును రుద్ది సరిచేసే పట్టీ) ఒక్కటే చాలదు, సానరాయి కావాలి. 1000 నంబరు రాయితో (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన) అంచు కుదిర్చి, 4000, 8000 మీదుగా 12000 దాకా వెళ్లాలి. వీపు (మందంగా ఉండే వెనక భాగం), అంచు రెండూ రాయికి ఆనాలి, అంచు ముందు నడవాలి. మొదటిసారి ఈ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. వంటింటి కత్తులు సానబట్టే చక్రం దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. ఆ రాపిడి వేడికి పల్చటి అంచు ఉక్కు మెత్తబడిపోతుంది.

పదునుండీ పీకుతుంటే గడ్డం నానలేదన్నమాట. వేడినీళ్లలో పిండిన తువ్వాలును రెండు మూడు నిమిషాలు కప్పి ఉంచండి. నురుగు నిలవకపోతే నీళ్లను చూడండి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెట్టుగా మార్చేస్తాయి. బ్రష్‌కు ఒక గ్లాసు ఆర్వో నీళ్లు చాలు.

మొదట బాగా తెగింది, వారానికే మొద్దుబారింది

తోలుపట్టీ మీద చేసే తప్పు ఇది. పట్టీ మీద నడక రాయి మీద నడకకు తిరగేసి ఉండాలి: వీపు ముందు, అంచు వెనక. పట్టీ చివరికి వచ్చాక కత్తిని వీపు మీదే దొర్లించి తిప్పాలి. వీపు తోలును వదిలితే అంచు గుండ్రబడుతుంది. పట్టీ వదులుగా వేలాడినా అంతే. గీసుకునే ముందు ప్రతిసారీ యాభై అరవై సార్లు, నెమ్మదిగా. సెలూన్‌లో చూసిన వేగం కోసం తొందరపడకండి, అది దానంతటదే వస్తుంది. గుండ్రబడిన అంచు మళ్లీ రాయి ఎక్కాల్సిందే.

గాట్లు

కత్తి ఎక్కువగా లేచినా, బలం పెట్టినా గాటు పడుతుంది. కోణం 30 డిగ్రీల లోపు ఉండాలి. లెక్క తేలికే: కత్తి వీపు మందం ఎంతో, చర్మానికీ వీపుకూ మధ్య దానికి రెండింతల లోపే ఖాళీ. రెండో చేత్తో చర్మాన్ని బిగించి పట్టుకోండి. కూరగాయ కోసినట్టు అంచును పక్కకు లాగితే మాత్రం లోతుగా తెగుతుంది. మొదటి రెండు వారాలు చెంపలు మాత్రమే గీసి, చుబుకం, పైపెదవి మీ పాత రేజర్‌కు వదిలేయండి. చిన్న గాటుకు తడి పటిక అద్దితే రక్తం ఆగుతుంది.

మెడ మీద మంట, పొక్కులు

ఎదురు గీత వల్ల. మెడ మీద వెంట్రుకల వాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వేళ్లతో నిమిరి తెలుసుకుని, వాలు వెంటే గీయండి. నురుగు లేనిచోట రెండోసారి కత్తి పెట్టకండి.

తుప్పు చుక్కలు

కార్బన్ ఉక్కుకు తడి పడదు. విశాఖ, కాకినాడ గాలిలో తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. కడిగి, మడత కీలు దగ్గర కూడా తుడిచి, ఒక చుక్క కుట్టుమిషన్ నూనె రాయండి. బాత్రూమ్‌లో ఉంచకండి.

సెలూన్ కత్తి కొన్నాను, గాట్లు ఎక్కువ

సగం బ్లేడు పెట్టే ఆ కత్తికి పట్టీ, రాయి అక్కర్లేదు కానీ తప్పును అస్సలు క్షమించదు. కోణం అదే, చెయ్యి ఇంకా తేలిక. బ్లేడు ముక్క ప్రతిసారీ కొత్తది వేయండి. ఏ కత్తినైనా ఇంట్లోవాళ్లతో కూడా పంచుకోకండి. కంటికి కనిపించని రక్తం తడితోనే హెపటైటిస్ బి, సి అంటుకోవచ్చు.