బ్రేక్ పెడల్ లోపలికి పోతోందా? ముందు చక్రం ఊపి చూడండి

ట్రాక్ డే (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు) కోసం తయారు చేసిన చిన్న కార్లలో, స్విఫ్ట్ కానివ్వండి, పోలో కానివ్వండి, ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదే: “రెండు మూడు ల్యాపులు బ్రేకులు బ్రహ్మాండంగా ఉంటాయి. తర్వాత ఉన్నట్టుండి ఒక మలుపు ముందు పెడల్ లోపలికి జారిపోతుంది.” పక్కనున్న వాళ్లందరూ ఇచ్చే సలహా కూడా ఒకటే: “ఆయిల్ మరిగిపోయింది, మార్చెయ్.”

చాలాసార్లు అది నిజమే. కాని నిజం కానప్పుడు జరిగేది ఇది: ఆయిల్ మారుస్తారు, ప్యాడ్లు మారుస్తారు, స్టీల్ అల్లిక హోస్‌లు వేయిస్తారు, చివరికి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది) కూడా కొత్తది కొంటారు. పెడల్ మాత్రం అలాగే పోతూ ఉంటుంది. ఇంత ఖర్చు పెట్టినవాళ్లలో జాకీ ఎత్తి ముందు చక్రాన్ని ఒక్కసారి ఊపి చూసినవాళ్లు దాదాపు ఉండరు. ఐదు నిమిషాల పని అది.

ఇక్కడ చెప్పేదంతా ముందు డిస్క్, వెనక డ్రమ్ ఉన్న కార్ల గురించి. జాకీ ఎక్కడ పెట్టాలో, బ్రేకుల్లో ఎయిర్ ఎలా తీయాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

పెడల్ ఎలా పోతోంది?

“బ్రేక్ పట్టట్లేదు” అని చెబితే సరిపోదు. పట్టకపోవడంలో మూడు రకాలున్నాయి, మూడింటికీ కారణాలు వేరు.

పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా కారు ఆగట్లేదు, కాలుతున్న వాసన వస్తోంది. ఇది ప్యాడ్ల సమస్య. మామూలు రోడ్డు ప్యాడ్లు ట్రాక్ వేడికి తట్టుకోవు. ట్రాక్‌కి పనికొచ్చే ప్యాడ్లు వేసి, వాటిని సరిగ్గా బెడ్ చేయండి, అంటే కొత్త ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకునేలా కొన్నిసార్లు బ్రేక్ వేసి వేడెక్కించండి. అంతకన్నా చెప్పడానికేం లేదు.

పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంది. రెండుసార్లు తొక్కినా, మూడుసార్లు తొక్కినా కొంచెం పైకి వస్తుందే కాని ఆ మెత్తదనం పోదు. ఇది ఆయిల్ మరగడం, లేదా లైన్లో గాలి ఉండటం.

పెడల్ మొదటిసారి తొక్కితే లోపలికి పోతుంది. వెంటనే వదిలి మళ్లీ తొక్కితే రాయిలా గట్టిగా, సరిగ్గా పైన నిలబడుతుంది. తర్వాత రెండు మలుపులు ఏ సమస్యా ఉండదు. మళ్లీ ఇంకో చోట పోతుంది. ఇది ఆయిల్ కాదు. మరిగిన ఆయిల్లో ఆవిరి బుడగలుంటాయి, అవి రెండోసారి తొక్కగానే మాయమవవు.

ఈ రెండోసారి తొక్కే పరీక్ష ఒక్కటి గుర్తుంచుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. పెడల్ పోయిన ల్యాపు అక్కడితో ఆపేసి, ఇండికేటర్ వేసుకుని నెమ్మదిగా పిట్స్‌కి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చేయండి. వస్తూ దారిలోనే, వెనక ఎవరూ లేనప్పుడు, తక్కువ వేగంలో తొక్కి చూడండి. ఒక్కసారి తొక్కినప్పుడు ఎలా ఉంది, వెంటనే రెండోసారి ఎలా ఉంది. కారు ఆపి, బానెట్ ఎత్తి, నలుగురూ చేరాక ఈ సమాచారం దొరకదు.

ఆయిల్ అయితే

క్లుప్తంగా చెబుతాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు. తేమ పట్టాక అదే 155కి పడిపోవచ్చు. విశాఖ, నెల్లూరు లాంటి తీరం ఊళ్లలో ఒక వర్షాకాలం గడిచిన ఆయిల్‌తో ట్రాక్ మీదికి వెళ్లకండి. 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఆయిల్ సీసాలు దొరుకుతాయి, అవి వాడండి. మూత తీసి నెలల తరబడి అల్మారాలో పెట్టిన సీసాను పారేయండి. ఒకసారి మరిగిన ఆయిల్ చల్లారాక బాగున్నట్టే అనిపించినా, ఎయిర్ తీయకుండా మళ్లీ ట్రాక్ ఎక్కవద్దు. డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ ఆయిల్, దాన్ని ఈ కార్లలో అసలు పోయకండి. 5.1 వేరు, అది ఫర్వాలేదు.

ఎన్నిసార్లు ఎయిర్ తీసినా పెడల్ మెత్తగానే ఉంటే, కాలిపర్ (డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) మీద ఎయిర్ తీసే నిపుల్ ఎక్కడుందో చూడండి. అది పైన ఉండాలి. పెయింట్ వేయడానికి విప్పి, ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకి బిగించిన కార్లు చూశాను. నిపుల్ కిందికి వచ్చేస్తుంది, గాలి పైన ఇరుక్కుని అలాగే ఉండిపోతుంది.

మొదటిసారి పోయి, రెండోసారి గట్టిగా నిలబడితే

అసలు విషయం ఇక్కడుంది.

ముందుగా తప్పు వెనక డ్రమ్ములదో కాదో తేల్చుకోండి. కారు నిలిపి, హ్యాండ్ బ్రేక్ బాగా లాగి, పెడల్ తొక్కండి. హ్యాండ్ బ్రేక్ లేకుండా లోపలికి పోయే పెడల్ ఇప్పుడు పైనే నిలబడితే, వెనక బ్రేక్ షూలు డ్రమ్‌కి దూరంగా ఉన్నాయన్నమాట. షూలని తనంతట తానే దగ్గరికి జరిపే సెల్ఫ్ అడ్జస్టర్ తుప్పుతోనో దుమ్ముతోనో పట్టేసి ఉంటుంది. విప్పి, శుభ్రం చేసి, షూలు దగ్గరికి తెచ్చి బిగించండి. ఈ సమస్యకు ఒక గుర్తుంది: ట్రాక్ మీద, రోడ్డు మీద, ఇంటి ముందు, ప్రతిసారీ పెడల్ ఒకేలా పోతుంది.

ఇంటి దగ్గర పెడల్ చక్కగా ఉండి, ట్రాక్ మీద, అదీ వేగమైన మలుపు తిరిగాక లేదా కర్బ్ (ట్రాక్ అంచు గట్టు) ఎక్కి దిగాక వచ్చే బ్రేక్‌కే పోతుంటే, డిస్క్ ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తోంది. నాక్ బ్యాక్ అంటారు.

లోపల జరిగేదేమిటంటే, మామూలుగా బ్రేక్ వదలగానే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బర్ సీల్ దాన్ని మిల్లీమీటర్‌లో చిన్న భాగం వెనక్కి లాక్కుంటుంది. ప్యాడ్, డిస్క్ మధ్య అంత సందు చాలు. కాని వీల్ బేరింగ్‌లో ప్లే (వదులు) ఉంటే, మలుపులో బరువు పడగానే హబ్ (చక్రం, డిస్క్ బిగించే మధ్య భాగం) ఒక పక్కకి వాలుతుంది, దానితో డిస్క్ కూడా వాలి పిస్టన్‌ని ఇంకా లోపలికి తోస్తుంది. మలుపు అయ్యాక డిస్క్ నిటారుగా వచ్చేస్తుంది, పిస్టన్ మాత్రం తోసిన చోటే ఉండిపోతుంది. ఆ ఖాళీని నింపడానికి మీ మొదటి తొక్కుడు ఖర్చైపోతుంది. రెండో తొక్కుడుకి ప్యాడ్ డిస్క్ పక్కనే ఉంటుంది కాబట్టి పెడల్ గట్టిగా ఉంటుంది.

చిన్న లెక్క చూడండి. ముందు కాలిపర్ పిస్టన్ 51 మి.మీ., మాస్టర్ సిలిండర్ 20.6 మి.మీ., పెడల్ లివర్ 4 రెట్లు అనుకుందాం. రెండు వైపులా పిస్టన్ అర మిల్లీమీటర్ చొప్పున వెనక్కి పోతే, దాన్ని నింపడానికి మాస్టర్ సిలిండర్ 6 మి.మీ. కదలాలి, అంటే పెడల్ దగ్గర 24 మి.మీ. దాదాపు అంగుళం. గంటకు 150 కి.మీ. వేగంలో ఎదురుచూడని అంగుళం అది.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి హైదరాబాద్, నెల్లూరు, తిరుపతి నుంచి చాలామంది వెళ్తుంటారు కాబట్టి అదే ఉదాహరణ. మెయిన్ స్ట్రెయిట్ చివర వచ్చే మొదటి మలుపు సీ1, వేగమైన కుడి మలుపు. బరువంతా ఎడమ ముందు చక్రం మీదికి వస్తుంది. అలాంటి మలుపు తర్వాత పెడల్ పోతోందంటే ముందు ఎడమ చక్రాన్ని అనుమానించండి. ఏ మలుపు తర్వాత పోయిందో నోట్ చేసుకోమని అడిగేది అందుకే.

ఇది మోసం చేసేది ఎలాగంటే, బేరింగ్ పోతే ఊళపెడుతుందని అందరికీ తెలుసు. కాని ఈ దశలో అది శబ్దం చేయదు. హైవే మీద ఆరు వందల కిలోమీటర్లు నిశ్శబ్దంగా నడుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఊపితే చేతికి ఏమీ తెలియకపోవచ్చు. వేడెక్కాక తెలుస్తుంది. అందుకే సెషన్ అయి పిట్స్‌కి రాగానే, వేడి తగ్గకముందే చూడాలి. గ్లవుజులు వేసుకోండి, డిస్క్ జోలికి పోకండి.

జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, టైరుని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లాగుతూ తోస్తూ ఊపండి. “టిక్” మన్నా, చేతికి సన్నటి కదలిక తెలిసినా, ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేక్ తొక్కగానే ఆ కదలిక పోతే బేరింగే. పోకపోతే బాల్ జాయింట్ లాంటి వేరే చోటు చూడండి. పక్కపక్కల పట్టి ఊపినప్పుడు మాత్రమే కదిలితే అది టై రాడ్ ఎండ్.

మోడిఫికేషన్లు దీన్ని పెంచుతాయి. చక్రానికీ హబ్‌కీ మధ్య స్పేసర్లు వేసినా, బయటికి పొడుచుకొచ్చే వెడల్పు రిమ్ములు వేసినా, చక్రం బరువు పడే గీత బేరింగ్ మధ్య నుంచి బయటికి జరుగుతుంది. పైన సెమీ స్లిక్ టైర్లు (రేస్ టైర్లకు దగ్గరగా ఉండే, పట్టు ఎక్కువున్నవి) కూడా ఎక్కిస్తే బేరింగ్ మీద పడే మెలిక కంపెనీ వాళ్లు ఊహించినదానికన్నా ఎక్కువ. అలాంటి కారులో బేరింగ్‌ని ప్యాడ్లలాగే అరిగిపోయే సామానుగా లెక్కేయండి.

బేరింగ్ మార్చేటప్పుడు ప్రెస్ ఉన్న షెడ్డుకే వెళ్లండి. సుత్తితో కొట్టి ఎక్కిస్తామంటే కారు ఎక్కి వచ్చేయండి. నకిల్‌లోకి (బేరింగ్ కూర్చునే ఇనప భాగంలోకి) ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద, హబ్ ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద ఒత్తిడి పడాలి. తేడా వస్తే బంతుల మీద బరువు పడి, ట్రాక్‌లో కాలు పెట్టకముందే కొత్త బేరింగ్‌లో గుంటలు పడతాయి. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగ్‌లోనే మాగ్నెటిక్ రింగు ఉంటుంది, అది సెన్సర్ వైపు రావాలి. తిరగేసి ఎక్కిస్తే డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, పని మొదటికొస్తుంది. అంచు నొక్కి లాక్ చేసే రకం హబ్ నట్ అయితే కొత్తదే వేయండి. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి టార్క్ రెంచ్‌తో బిగించండి, కారు బరువు చక్రం మీద పడకముందే.

బేరింగ్ బాగానే ఉన్నా పెడల్ పోతోందా?

అయితే డిస్క్ వంకర తిరుగుతోంది. ఎక్కువసార్లు తప్పు డిస్క్‌ది కాదు, దాని వెనక హబ్ ముఖం మీద పేరుకున్న తుప్పుది. హబ్ దగ్గర 0.05 మి.మీ. తుప్పు పొర, డిస్క్ అంచుకి వచ్చేసరికి దాదాపు రెట్టింపవుతుంది. కొత్త డిస్క్ కొని, తుప్పు మీదే తగిలించి, “కొత్త డిస్కే వంకర వచ్చింది” అని షాపువాడితో గొడవ పడేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

చక్రం తీసి, వాషర్లు పెట్టి వీల్ నట్లతో డిస్క్‌ని హబ్‌కి బిగించండి. మాగ్నెట్ స్టాండ్‌తో డయల్ గేజ్ పెట్టి, అంచు నుంచి 10 మి.మీ. లోపల ముల్లు ఆనించి, చేత్తో తిప్పండి. 0.10 మి.మీ. దాటితే డిస్క్ తీసి, హబ్ ముఖాన్ని వైర్ బ్రష్, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దండి. స్టడ్‌ల మొదళ్ల చుట్టూ మరీ జాగ్రత్తగా, తుప్పు అక్కడే దాక్కుంటుంది. మళ్లీ కొలవండి. ఇంకా ఎక్కువే ఉంటే డిస్క్‌ని సగం చుట్టు తిప్పి బిగించి చూడండి. ఎత్తుగా ఉన్న చోటు డిస్క్‌తో పాటు జరిగితే డిస్క్ మార్చాలి. హబ్‌తో పాటే ఉండిపోతే హబ్ వంగింది. ఎయిర్ గన్‌తో ఒక నట్ ముందు చావబిగించి తర్వాత మిగతావి బిగించినా డిస్క్ వంకర తిరుగుతుంది. ఎదురెదురు నట్లు, టార్క్ రెంచ్‌తో, రెండు విడతల్లో.

ఇదే పనిలో కాలిపర్ స్లైడ్ పిన్నులు కూడా తీసి చూడండి. సింగిల్ పిస్టన్ కాలిపర్ పిన్నుల మీద ఇటూ అటూ జరగగలదు కాబట్టి డిస్క్ చిన్నగా వాలినా దానితో పాటు కదిలిపోతుంది. పిన్నులు ఎండిపోయి పట్టేస్తే ఆ దెబ్బంతా పిస్టన్ మీదే పడుతుంది. తుడిచి, బ్రేక్ పిన్నుల కోసమే అమ్మే గ్రీజు రాయండి. మామూలు గ్రీజు రబ్బరుని ఉబ్బిస్తుంది. వేలితో నెడితే పిన్ను జరగాలి.

పెద్ద బ్రేక్ కిట్ అని నాలుగు పిస్టన్ల ఫిక్స్‌డ్ కాలిపర్లు వేయించుకున్నవాళ్లకు ఆ వెసులుబాటు కూడా లేదు. కిట్ వేశాక పెడల్ పోవడం మొదలైందంటే కిట్ చెడ్డదని అర్థం కాదు, అప్పటిదాకా కనపడని బేరింగ్ ప్లే ఇప్పుడు బయటపడిందని.

రిపేరు అయ్యేదాకా సెషన్ పూర్తి చేయక తప్పదంటే, ఫిక్స్‌డ్ కాలిపర్ల వాళ్లు స్ట్రెయిట్‌లో, బ్రేకింగ్ పాయింట్‌కి ముందే, ఎడమ కాలితో పెడల్‌ని తేలిగ్గా ఒకసారి తాకించండి. ప్యాడ్లు దగ్గరికి వస్తాయి. మంచి బేరింగ్ ఉన్న కారులో కూడా ఇది మంచి అలవాటే. కాని చేతికి తెలిసేంత ప్లే ఉన్న బేరింగ్‌తో మాత్రం ఒక్క ల్యాపు కూడా వద్దు, కారుని ట్రక్కు మీద ఎక్కించి ఇంటికి తీసుకెళ్లండి.

మిగతావి

పెడల్ తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోంది, ఆయిల్ ఎక్కడా కారట్లేదు: మాస్టర్ సిలిండర్ లోపలి సీల్. మార్చేయండి.

పెడల్ చెక్కలా అయిపోయి, ఎంత బలంగా తొక్కినా పని చేయట్లేదు, కాలుతున్న వాసన కూడా లేదు: బూస్టర్‌కి (కాలి బలాన్ని పెంచే డబ్బాకి) వెళ్లే వాక్యూమ్ పైపు ఊడిందేమో చూడండి. డీజిల్ కారైతే వాక్యూమ్ పంపు కూడా.

ఏబీఎస్ మాడ్యూల్‌లో గాలి ఇరుక్కోవడం: ఆ మాడ్యూల్ విప్పి ఉంటేనే అనుమానించండి. స్కానర్ పెట్టి తీయించాలి.

రబ్బర్ హోస్‌లు ఉబ్బడం: పగుళ్లు కనపడితే మార్చండి. స్టీల్ అల్లిక హోస్‌లతో పెడల్ కొంచెం బిగువుగా అనిపిస్తుంది, అంతే. లోపలికి పోయే పెడల్‌ని అవి బాగు చేయవు.