పచ్చకామెర్లలో మసి ఎక్కడిది? స్వీడిష్ జబ్బు పేరుకి మూలం వెతకడం

పచ్చకామెర్లని స్వీడిష్‌లో గూల్‌సూట్ అంటారు. గూల్ అంటే పసుపు, అందులో తిరకాసేం లేదు. కానీ సూట్ కోసం నా చిన్న డిక్షనరీ తీస్తే "మసి" అని ఉంది, పొగగొట్టానికి పట్టే మసి. సరే, పసుపు మసి కాబోలు అని రాసేసుకున్నాను కూడా. తప్పు.

ఇలాంటి మాట దొరికితే ముందు విడగొట్టి, చివరి ముక్క పట్టుకోండి. గుర్రపుబండి అంటే బండే కదా, గుర్రం కాదు, స్వీడిష్‌లోనూ అంతే. తర్వాత దాని లింగం చూడండి, చాలామంది వదిలేసేది ఇదే. స్వీడిష్‌లో నామవాచకాలకి రెండు లింగాలు, 'ఆ ఫలానాది' అని చెప్పడానికి మాట చివర ఒక లింగానికి ఎన్, ఇంకోదానికి ఎట్ తగిలిస్తారు. మసి అయితే సూటెట్ అవుతుంది, కానీ మన మాట గూల్‌సూటెన్ అవుతుంది. చివర ఎట్ లేదు, ఎన్ ఉంది, అంటే ఈ సూట్ వేరే మాట! జబ్బు అనే పాత మాట అది. ఇప్పుడు విడిగా ఎవరూ పెద్దగా వాడరు గానీ సమాసాల్లో బతికే ఉంది: క్షయకి పాత పేరు లుంగ్‌సూట్, అంటే ఊపిరితిత్తుల జబ్బు, మూర్ఛకి ఫాలాన్‌దెసూట్, అంటే పడిపోయే జబ్బు. సూట్‌సెంగ్ అంటే మనిషి చివరి రోజుల్లో పట్టిన మంచం, మసి మంచం కాదు.

ఆ తర్వాత చుట్టాలని వెతకాలి. స్వీడిష్‌కి పూర్వరూపమైన పాత నార్స్‌లో సోట్, దాని బంధువైన, ఇప్పుడు ఎవరూ మాట్లాడని గోతిక్‌లో సొహ్త్స్, జర్మన్‌లో జుఖ్త్ (కామెర్లు వాళ్లకి గెల్ప్‌జుఖ్త్). ఇంగ్లీషు సిక్, స్వీడిష్ షూక్ కూడా ఈ ఇంటివే. ఒక్క జాగ్రత్త, జుఖ్త్‌ని చూసి "వెతకడం" అనే జూఖెన్‌తో ముడిపెట్టకండి, జర్మన్లే చాలామంది అక్కడ పొరబడతారు.

ఇదంతా సరిచూసుకోవడానికి స్వీడిష్ అకాడమీ పెద్ద నిఘంటువు నెట్‌లో ఫ్రీగా ఉంది. 1893లో అచ్చు మొదలై 2023కి గానీ పూర్తవలేదు కాబట్టి పాత భాగాల భాష కాస్త కొరుకుడుపడదు, టెన్షన్ పడొద్దు, చదరపు బ్రాకెట్లో ఉన్నదే మూలం, అది చదివితే చాలు. ఒకే స్పెల్లింగు మాటలకి వేర్వేరు ఎంట్రీలుంటాయి, మీరు తెరిచింది మసిదో జబ్బుదో చూసుకోండి. అక్కడ అర్థం కాకపోతే హెల్‌క్విస్ట్ అనే స్వీడిష్ భాషా పండితుడు 1922లో వేసిన వ్యుత్పత్తి నిఘంటువుని (మాటల మూలాలు చెప్పేది) ప్రాజెక్ట్ రూనెబెర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైట్లో స్కాన్ చేసి పెట్టారు, అందులో ఎంట్రీలు పొట్టిగా ఉంటాయి.