వెదురు కొట్టే కత్తి కొనేటప్పుడు

రాయగడ, పర్లాకిమిడి వైపు మన ఇళ్లలో కత్తికి పని ఎక్కువ. వెదురు కొట్టాలి, కొబ్బరిబోండాం చెక్కాలి, కంప నరకాలి. ఇలాంటి మోటు పనికి సీపీఎం 3వీ అనే ఉక్కు చాలా మంచిది. లోహపు పొడిని అధిక పీడనంతో ముద్దచేసి తయారుచేస్తారు కాబట్టి లోపలి నిర్మాణం సన్నగా, సమంగా ఉంటుంది. వెదురు కణుపు మీద దెబ్బ పడినా అంచు అంత తేలిగ్గా పెచ్చులూడదు.

అయితే ఉక్కు పేరొక్కటే చూసి డబ్బు పోయకండి. కాఠిన్యం ఎంతో అడగండి. రాక్‌వెల్ సి కొలతలో 58 నుంచి 60 మధ్య ఉంటే ఈ పనికి సరిపోతుంది. ఆ అంకె చెప్పలేని దుకాణంలో నేనైతే కొనను.

ఈ 3వీ ఉక్కులో తుప్పును ఆపే క్రోమియం సుమారు 7.5 శాతమే, అంటే తుప్పు పడుతుంది. వానాకాలంలో తోలు ఒరలో అసలు ఉంచకండి, తోలు తేమ పీల్చుకుంటుంది. తుడిచి, పలుచగా నూనె రాసి విడిగా పెట్టండి. అరగకుండా ఆపే వెనేడియం అనే లోహం ఇందులో ఉండటంవల్ల మామూలు సానరాయి మీద పదును త్వరగా రాదు. వజ్రపు పొడి అద్దిన పలక తీసుకోండి.

నిమ్మకాయ, చింతకాయ కోసే వంటింటి కత్తికి మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలే మేలు. 3వీ కత్తికి అంత ఖర్చు వద్దనుకుంటే, లారీ కమాను పట్టీతో మంచి కమ్మరి చేసిన కత్తి కూడా వెదురుకు బాగా ఆగుతుంది.