పడవను బండికి కట్టి లాగడం – 3వ పాఠం: కారా, పికప్పా?

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? పడవను ట్రైలర్ మీదే ఉంచి, ఇంజన్, పెట్రోలు, లంగరు, లైఫ్ జాకెట్లు అన్నీ అందులోనే పెట్టి వేబ్రిడ్జి ఎక్కించమన్నాను. రేణిగుంట వైపు కాటాల దగ్గర ఇసుక లారీల వరసలో పడవ నిలబడితే "ఏం సామీ, దీనికి కూడా కాటానా?" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. చీటీ మాత్రం జాగ్రత్తగా తెచ్చుకోండి, ఈ రోజు పాఠమంతా దానిమీదే.

చీటీ తేనివాళ్ల కోసం నా లెక్క వాడుకుందాం. పదహారు అడుగుల ఫైబర్ పడవ 350 కిలోలు, ఇంజన్ 80, నలభై లీటర్ల పెట్రోలు 30, బ్యాటరీ, లంగరు, తాళ్లు, జాకెట్లు కలిపి 60, ట్రైలర్ 280. మొత్తం 800 కిలోలు. పడవ అమ్మేవాళ్లు చెప్పేది మొదటి 350 మాత్రమే. మిగతా 450 మనకు తర్వాత తెలుస్తుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. పికప్ అంటే లారీ కాదు, వెనుక తొట్టి ఉన్న చిన్న బండి. మన దగ్గర బొలెరో పికప్, ఇసుజు డి-మ్యాక్స్ లాంటివి. డి-మ్యాక్స్ తయారయ్యేది మన తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలోనే. ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. "మా కారు 800 కిలోలు లాగుతుందా?" అని అందరూ అడుగుతారు. చదునైన రోడ్డు మీద లాగుతుంది. అయిదుగురిని, సామాన్లను ఎక్కించుకుని పరిగెత్తే కారుకు చక్రాల మీద దొర్లే 800 కిలోలు పెద్ద లెక్క కాదు. నా కారు వెనుక ట్రైలర్ తగిలించే హుక్కు వెల్డింగ్ చేసిన మేస్త్రీ మాత్రం ఆ రోజే అన్నాడు: "లాగుతుందిలే అన్నా, ఆపేదెవరు?" అప్పుడు నాకు ఎక్కలేదు.

బ్రేకు లేని ట్రైలర్‌కు బ్రిటన్‌లో ఒక హద్దు ఉంది. దాని మొత్తం బరువు 750 కిలోలు దాటకూడదు, లాగే బండి బరువులో సగమూ దాటకూడదు. రెండింటిలో ఏది తక్కువైతే అదే లెక్క. మన రోడ్లకు ఆ చట్టం వర్తించదు గానీ, కొలబద్దగా బాగుంటుంది. 900 కిలోల చిన్న కారుకు 450 దాటకూడదు. 1,700 కిలోల పికప్‌కు సగమంటే 850, కానీ 750 దగ్గరే ఆగాలి. అంటే మన 800 కిలోల పడవకు ఏ బండి కట్టినా ట్రైలర్‌కు సొంత బ్రేకు ఉండాల్సిందే. ముందు బండి బ్రేకు పడగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుతోనే దాని బ్రేకు పట్టుకునే రకం దొరుకుతుంది. బ్రేకు మీద ఖర్చు పెట్టడానికి మనసొప్పకపోతే చిన్న పడవ కొనుక్కోండి. ఈ విషయంలో నేను బేరం ఆడను.

బెంగళూరు నుంచి పడవ తెచ్చుకునేవాళ్లు మొగిలి ఘాట్ దిగాలి. పీలేరు వైపు నుంచి వచ్చేవాళ్లకు భాకరాపేట ఘాట్ ఉంది. అక్కడ బ్రేకు మీద కాలు పెట్టే కూర్చుంటే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఎక్కడానికి ఏ గేరు వేస్తామో దిగడానికీ అదే గేరు వేసి, ఇంజన్‌తో ఆపుకుంటూ రావాలి. ఇందులో బరువైన బండిదే పైచేయి. వెనుక 800 కిలోలు తోస్తున్నప్పుడు 900 కిలోల కారు మలుపులో పక్కకు జరిగినంత సులువుగా 1,700 కిలోల పికప్ జరగదు.

ఇక ముందుబరువు, అంటే ట్రైలర్ మూతి హుక్కు మీద మోపే బరువు. ఎద్దుల బండి తోలిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది, ముందు ఎక్కువైతే మెడలు పుండ్లు పడతాయి. ట్రైలరూ అంతే. మొత్తం బరువులో సుమారు పదో వంతు హుక్కు మీద పడాలి. మనకు 80 కిలోలు. ఇంతకంటే బాగా తగ్గితే ట్రైలర్ రోడ్డు మీద తోక ఊపడం మొదలుపెడుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ ఊపూ పెరుగుతుంది. కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. చదునైన చోట ట్రైలర్ మూతిని హుక్కు ఎత్తులోనే ఉంచి, కింద ఒక కర్ర మొద్దు పెట్టి, ఆ మొద్దును మిషన్ మీద నిలబెట్టండి. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం మరిచిపోవద్దు.

ఆ 80 కిలోలు కారు డిక్కీలో పెట్టినట్టు కాదు, వెనుక ఇరుసుకు ఇంకా వెనకాల వేలాడుతుంది. ఇరుసుకు మీటరు వెనుక హుక్కు ఉందనుకుందాం. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లు. అప్పుడు ముందు చక్రాల మీద 32 కిలోలు తగ్గి, వెనుక చక్రాల మీద 112 పెరుగుతాయి. ఉయ్యాల బల్ల లెక్కే ఇది. ఈ 32 గుర్తుపెట్టుకోండి, రేవు దగ్గర పనికొస్తుంది.

మొదటిసారి పులికాట్‌కు నేను కారుతోనే పోయాను. శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట, అన్నీ హాయిగా దాటాం. పడవను నీళ్లలోకి దించడమూ బాగానే జరిగింది. సాయంత్రం పడవను ఎక్కించి కారు ముందుకు పోనిస్తే ముందు చక్రాలు అక్కడే గిర్రున తిరిగాయి. క్లచ్ కాలిన వాసన. పులికాట్‌లో లోతు తక్కువ, ట్రైలర్‌ను చాలా లోపలికి తోస్తే గానీ పడవ తేలదు. దాంతో కారు కూడా మెత్తటి నేల మీదికి వచ్చేస్తుంది. చివరికి ఒక ట్రాక్టర్ డ్రైవరు గొలుసు వేస్తూ, "పడవ బాగానే ఉంది సామీ, కారునే ఒడ్డుకు చేర్చాల" అన్నాడు.

ఎందుకలా అయింది? బురద లెక్కకు అందదు గానీ, పాచి పట్టిన కాంక్రీటు వాలు మీద లెక్క వేసి చూద్దాం. ఏడడుగులకు ఒక అడుగు లేచే వాలు అనుకోండి. కారు 1,000, ఇద్దరు మనుషులు 150, వెనుక 800, మొత్తం 1,950 కిలోలు. వాలు దీన్ని వెనక్కి లాగేది ఇందులో ఏడో వంతు, అంటే దాదాపు 280. చిన్న కార్లలో చాలావాటికి ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే. వాటి మీద ఉండే 690 కిలోల్లోంచి మన 32 పోయింది, ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలి ఇంకో 50 దాకా పోయింది. మిగిలింది 600 చిల్లర. తడి పాచి మీద టైరు పట్టు మూడో వంతుకు కాస్త పైన అనుకుంటే 210 వస్తుంది. కావాల్సింది 280. ఎంత పెద్ద ఇంజన్ పెట్టినా చక్రాలు తిరుగుతాయే తప్ప కారు కదలదు.

అయితే పికప్ అని ఎగిరి గంతేయకండి. మామూలు పికప్‌కు ఇంజన్ తిప్పేది వెనుక చక్రాలనే, ఖాళీగా ఉంటే తేలికగా ఉండేదీ వెనుక భాగమే. బండి 1,700, మనుషులు 150, పడవ 800, మొత్తం 2,650. ఏడో వంతు 380. వెనుక చక్రాల మీద హుక్కు బరువుతో కలిపి దాదాపు 1,000 ఉంటే, పట్టు 350. ఇదీ జారుతుంది! తొట్టిలో వెనుక ఇరుసు మీదుగా 300 కిలోల ఇసుక బస్తాలు వేయండి. కావాల్సింది 420కి పెరుగుతుంది, పట్టు మాత్రం 450 దాటుతుంది. ఎక్కేస్తుంది. పికప్ గొప్పతనం ఇంజన్‌లో కంటే ఆ తొట్టిలోనే ఉంది. కారు డిక్కీలో 300 కిలోల ఇసుక వేయలేం కదా. నాలుగు చక్రాలూ తిరిగే బండి అయితే బస్తాల గొడవే లేదు. డి-మ్యాక్స్ వి-క్రాస్‌లో అలాంటివి దొరుకుతాయి, ధర కూడా అలాగే ఉంటుంది.

పికప్‌తో బాధలూ ఉన్నాయి. ఖాళీగా పోతే కమాన్ కట్టలు నడుము విరగ్గొడతాయి. మామూలు పికప్ క్యాబిన్‌లో ఇద్దరు ముగ్గురే పడతారు, పిల్లల్ని తొట్టిలో కూర్చోబెట్టకూడదు. తిరుపతి సందుల్లో పార్కింగ్ సంగతి మీకు తెలిసిందే.

కాగితాల సంగతి చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కూ రిజిస్ట్రేషన్ కావాలి. మన దగ్గర అమ్మే చాలా కార్ల మాన్యువల్‌లో ట్రైలర్ లాగవద్దనే రాసి ఉంటుంది. మీ కారు మాన్యువల్‌లో అలా ఉంటే హుక్కు జోలికి పోకండి. బీమా వాళ్లను అడిగేది కూడా నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి.

నన్ను అడిగితే, ట్రైలర్ లాగొచ్చని మాన్యువల్ ఒప్పుకుని, మొత్తం బరువు 400 కిలోల లోపు ఉంటే కారు చాలు. చిన్న అల్యూమినియం పడవ, చిన్న ఇంజన్ ఇందులోకి వస్తాయి. 800 దగ్గరికొస్తే పికప్. మధ్యలో ఉన్నవాళ్లు రోడ్డును కాదు, రేవును చూసి తేల్చుకోవాలి. గట్టి నేల, తక్కువ వాలు అయితే వెనుక చక్రాలు తిరిగే జీపు రకం బండి సరిపోతుంది. ఏడాదికి నాలుగుసార్లే పోయేవాళ్లు ఏదీ కొనకుండా పికప్ బాడుగకు మాట్లాడుకోండి. తొట్టిలో పట్టేంత చిన్న పడవైతే ట్రైలర్ కూడా అక్కర్లేదు, నలుగురు పట్టి తొట్టిలోకే ఎక్కించొచ్చు.

వచ్చే పాఠానికి ముందు మూడు పనులు. మీ బండి మాన్యువల్‌లో ట్రైలర్ గురించి రాసిన పేజీ వెతకండి. హుక్కు మీద ముందుబరువు కొలిచి చీటీ వెనుక రాసుకోండి. మీరు దించబోయే రేవుకు ఒక సాయంత్రం ఖాళీ చేతులతో వెళ్లి, నీళ్ల అంచున చెప్పులు విప్పి నడవండి. మీ కాలు జారితే అక్కడ టైరూ జారుతుంది. నాలుగో పాఠంలో రివర్స్ నేర్చుకుందాం. దానికి పడవ వద్దు, ఖాళీ ట్రైలర్, ఒక ఖాళీ మైదానం చాలు.