మున్సిపల్ బడిలో సమస్య ఉంటే అర్జీ ఎవరికి పెట్టాలి: కర్నూలు, కడప, అనంతపురం తల్లిదండ్రులకు

బడిలో మరుగుదొడ్డి పైపు పగిలితే కొందరు నేరుగా మేయర్ దగ్గరికి పోతారు, కొందరు హెడ్మాస్టర్‌తో గొడవ పడతారు. ఆ పైపు ఏ ఆఫీసు లెక్కలో ఉందో తెలుసుకోకుండా తిరిగితే చెప్పులరగడమే మిగిలేది.

మన రాష్ట్రంలో బడుల కోసం విడిగా ఎన్నికయ్యే బోర్డు లేదు. మున్సిపల్ బడుల పర్యవేక్షణ, టీచర్ల వ్యవహారాలు 2022 జూన్‌లో వచ్చిన జీవో 84తో పాఠశాల విద్యాశాఖ కిందికి వెళ్లాయి. స్థలం, భవనం మాత్రం కార్పొరేషన్ ఆస్తిగానే ఉన్నాయి. అందుకే టీచరు కొరత, చదువు, మధ్యాహ్న భోజనం గురించైతే ఎంఈవోకు (మండల విద్యాధికారికి), ఆయన పైన డీఈవోకు (జిల్లా విద్యాధికారికి) రాయాలి. ప్రహరీ, డ్రైనేజీ, కొళాయి నీళ్లు, గేటు ముందు చెత్తకుప్ప అయితే కార్పొరేషన్‌కు రాయాలి.

ముందుగా బడి పేరు రాసిన బోర్డు చూడండి. మున్సిపల్ అని ఉందా, జెడ్పీ అని ఉందా, మండల పరిషత్ అని ఉందా? ఊరు పెరిగి పాత పంచాయతీలు కార్పొరేషన్‌లో కలిసినచోట జెడ్పీ బడులు నగరం మధ్యలోనే కనిపిస్తాయి. అనంతపురం చుట్టూ అయితే ఊరితో కలిసిపోయినట్టే ఉండే పంచాయతీలున్నాయి, అక్కడి రోడ్డుకు కార్పొరేషన్ కమిషనర్ బాధ్యుడు కాడు. కర్నూలులో కల్లూరు వైపు బడి ఏ ఎంఈవో కిందికి వస్తుందో హెడ్మాస్టర్‌ను ఒక మాట అడిగాకే కాగితం రాయండి. అదే బోర్డు మీద యూడైస్ కోడ్, అంటే ఒక్కో బడికి విడిగా ఇచ్చే, 28తో మొదలయ్యే 11 అంకెల నంబరు ఉంటుంది. ప్రతి అర్జీలో అది వేయండి, ఒకే పేరున్న బడులు కలగాపులగం కావు.

కార్పొరేషన్‌లో కర్నూలుకు 52, కడపకు, అనంతపురానికి 50 చొప్పున డివిజన్లు. కార్పొరేటర్లు మేయర్‌ను, ఇద్దరు డిప్యూటీ మేయర్లను ఎన్నుకుంటారు. కౌన్సిల్ బడ్జెట్‌ను, తీర్మానాలను ఆమోదిస్తుంది. పనులు చేయించేది, సిబ్బందిని నడిపేది ప్రభుత్వం వేసిన కమిషనరే. కౌన్సిల్ గడువు ముగిసి ఎన్నికలు జరగకపోతే స్పెషల్ ఆఫీసర్ వస్తారు, అప్పుడు కార్పొరేటర్ సంతకం కోసం ఆగనక్కర్లేదు.

ఒంటరిగా ఇచ్చే అర్జీ కంటే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానానికి బలం ఎక్కువ. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. మన దగ్గర తరగతికి ముగ్గురిని ఎన్నుకుంటారు. హెడ్మాస్టర్ కన్వీనర్, ఆ డివిజన్ కార్పొరేటర్ హోదా రీత్యా సభ్యుడు. సమావేశం పెట్టించండి, మినిట్స్ బుక్‌లో తీర్మానం రాయించి సంతకాలు చేయించండి, ఆ పేజీ జిరాక్సు అర్జీకి జతచేయండి. ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు పెట్టమంటే మాత్రం ఒప్పుకోవద్దు. బడి ఖర్చులకు సమగ్ర శిక్ష పథకం కింద వచ్చే గ్రాంటు ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో అక్కడే అడగండి. 31 నుంచి 100 మంది పిల్లలుంటే ఏడాదికి 25 వేలు, 101 నుంచి 250 దాకా 50 వేలు అన్నది నిబంధన. కొళాయి తిప్పుడు, తలుపు గడియ లాంటివాటికి ఈ డబ్బు చాలు, ఇంజినీర్లదాకా పోనక్కర్లేదు.

అర్జీలో విషయం ఇలా రాస్తే చాలు: "ఫలానా మున్సిపల్ ప్రాథమిక పాఠశాల, ఫలానా డివిజన్ – బాలికల మరుగుదొడ్ల వెనుక సుమారు 12 అడుగుల డ్రైనేజీ పైపు పగిలినది – మరమ్మతు చేయించుట గురించి." "వసతులు సరిగా లేవు" అని రాస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దానికి ఎస్టిమేట్ వేయలేడు. పైపు సంగతి, టీచరు సంగతి ఒకే కాగితంలో కలపడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. కార్పొరేషన్ వాళ్లు డీఈవోకు పంపుతారు, అక్కణ్నుంచి మళ్లీ ఇటే వస్తుంది, ఈలోగా దసరా సెలవులు వచ్చేస్తాయి.

మొదట వార్డు సచివాలయంలో నీళ్లు, డ్రైనేజీ లాంటి వసతులు చూసే ఎమెనిటీస్ సెక్రటరీకి ఇవ్వండి. కదలిక లేకపోతే కమిషనర్ పేరున కార్పొరేషన్ ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాలు సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద తేదీ, స్టాంపు, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. చేతికిచ్చి వచ్చిన కాగితానికి దిక్కుండదు. ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు. అక్కడ ఇచ్చే రసీదు జాగ్రత్త. "సంబంధిత అధికారికి పంపడమైనది" అని రాసి అర్జీ మూసేస్తే, పని జరగలేదని ఫొటోతో చూపించి మళ్లీ తెరవమని అడగండి.

అప్పటికీ చలనం లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయి, కార్పొరేషన్ ఆఫీసులకు రుసుము 10 రూపాయలు, మండల స్థాయికి 5. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా ఇన్‌వార్డ్ నంబరు అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏం రాశారో ఆ నోట్‌ఫైల్ నకలు ఇవ్వగలరు" అని అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆ గడువు దాటిన 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు.