డైనో కాగితంలోని పవర్ కావలి రోడ్డు మీద ఎక్కడికి పోయింది?

బెంగళూరులో ట్యూనింగు చేయించుకున్న టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) కారు ఒకటి నెల్లూరులో మా షెడ్డుకు వచ్చింది. "అన్నా, కాగితంలో 230 హార్స్‌పవర్ ఉంది. కావలి దాకా వెళ్లి వచ్చాను, తేడా ఏమీ తెలియలేదు" అన్నాడు యజమాని. ఇలాంటప్పుడు బానెట్ తెరవడానికి ముందు నేను ఆ కాగితమే అడుగుతాను. అది డైనో ఇచ్చిన కాగితం, డైనో అంటే చక్రాలను రోలర్ల మీద తిప్పించి పవర్ కొలిచే యంత్రం.

లక్షణం: కాగితంలో ఎక్కువ, రోడ్డు మీద తక్కువ

మొదట చూడాల్సింది ఆ సంఖ్య ఇంజిన్‌దా, చక్రాలదా అని. స్కోడా కారు ఆక్టావియా ఆర్‌ఎస్ 245 పేరులోని 245 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలతే) ఇంజిన్ దగ్గరిది. రోలర్ల మీద అంత రాకపోవడం లోపం కాదు, కొంత పవర్ గేర్‌బాక్సులో, టైర్లలో పోతుంది.

అసలు తిరకాసు కరెక్షన్ ఫ్యాక్టర్‌లో ఉంది. కొనుగోలు కేంద్రంలో తేమ శాతం చూసి ధాన్యం తూకం సర్దినట్టే, డైనో కూడా ఆ రోజు గాలిని చూసి లెక్క సర్దుతుంది. ఎస్‌ఏఈ (ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం) ప్రమాణానికి ఆధారం 25 డిగ్రీల వేడి, 99 కిలోపాస్కల్ పొడి గాలి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పలచన. అందుకని లెక్క ప్రకారం సుమారు 13 శాతం కలుస్తుంది. టర్బో లేని ఇంజిన్‌కు అది న్యాయమే. టర్బో మాత్రం పలచని గాలిలో ఇంకాస్త వేగంగా తిరిగి, ఆ లోటును చాలావరకు తనే పూడ్చుకుంటుంది. పూడిన గుంతలో మళ్లీ మట్టి పోసినట్టన్నమాట! ఆ 230లో కరెక్షన్ తీసేస్తే మిగిలింది సుమారు 203.

పరిష్కారం: కరెక్షన్ లేని గ్రాఫు అడిగి తీసుకోండి. ట్యూనింగుకు ముందు, తర్వాత ఒకే డైనో మీద, ఒకే గేరులో తీసిన గ్రాఫులనే పోల్చండి.

లక్షణం: మొదటి పరుగు బాగుంది, మూడోదానికి నీరసం

ఇది వేడి. డైనో మీద ఒక్కో పరుగు కొన్ని సెకన్లే, మధ్యలో బానెట్ తెరిచి చల్లారనిస్తారు. రోళ్లు పగిలే ఎండలో మినీ బైపాస్ ట్రాఫిక్‌లో అరగంట పాకిన బండికి ఆ భోగం ఎక్కడిది? టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరే కాగిపోతుంది. లోపలికి వెళ్లే గాలి 45 నుంచి 65 డిగ్రీలకు పెరిగితే సాంద్రత ఒక్కటే దాదాపు 6 శాతం పడిపోతుంది. పైగా నాక్ (సిలిండర్‌లో పెట్రోలు తనంతట తానే పేలడం) రాకుండా కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగును, అంటే స్పార్కు పడే క్షణాన్ని, వెనక్కి లాగుతుంది. ట్యూనింగు నాడు నాక్‌ను బాగా తట్టుకునే 100 ఆక్టేన్ పెట్రోలు పోసి, ఇక్కడ మామూలు పెట్రోలు పోసినా అదే జరుగుతుంది.

ఓబీడీ స్కానర్‌తో (బండి కంప్యూటర్‌లోని రీడింగులు చదివే పరికరం) ఇన్‌టేక్ గాలి వేడిని, టైమింగును రికార్డు చేయండి. ఇంటర్‌కూలర్ రెక్కల్లో దుమ్ము, పురుగులు నిండి ఉంటే ముందు శుభ్రం చేయించండి. పెద్ద ఇంటర్‌కూలర్ కొనడం ఆ తర్వాతి మాట.

లక్షణం: వేడి లేదు, అయినా బూస్టు నిలవదు

బూస్టు అంటే టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి. కంప్యూటర్ అడిగిన బూస్టు, వచ్చిన బూస్టు స్కానర్‌లో పక్కపక్కన చూడండి. తేడా ఉంటే ముందు అనుమానించాల్సినవి వదులైన క్లాంపు, చిరిగిన హోసు. పైపుల్లోకి పొగ పంపి లీకు చూసే పొగ పరీక్షలో బయటపడతాయి. అక్కడ ఏమీ లేకపోతే బూస్టును అదుపు చేసే కవాటం, వేస్ట్‌గేట్ చూడాలి.

రోడ్డు మీద కొలవడం ఎలా?

ఒంటి మీద కలిగే ఊపును నమ్మవద్దు, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) నెమ్మదిగా పెరిగే బండి నిదానంగా అనిపించి మోసం చేస్తుంది. హైవే ఖాళీగా ఉన్నప్పుడు, వేగ పరిమితి దాటకుండా, మూడో గేరులో 60 నుంచి 100 కిలోమీటర్లకు పట్టే సమయాన్ని జీపీఎస్ లాగర్‌తో తీయండి. మనుషులతో కలిపి 1500 కిలోల బండికి 4 సెకన్లు పడితే సగటున సుమారు 126 పీఎస్ వేగం పెంచడానికే ఖర్చయింది. గాలి, టైర్ల నిరోధానికి ఇంకో పదో పన్నెండో కలుపుకోండి. ఇది సగటు కాబట్టి కాగితంలోని శిఖరంతో పోల్చకూడదు, గ్రాఫులో అదే ఆర్‌పీఎం పరిధితో పోల్చాలి. గాలివాటం లెక్కలో కలవకుండా ఒకసారి కావలి వైపు, ఒకసారి నెల్లూరు వైపు నడిపి సగటు తీయండి.

మా దగ్గరికి వచ్చిన బండి ఇలా కొలిస్తే కరెక్షన్ లేని గ్రాఫుకు దగ్గరగానే వచ్చింది. నేను మార్చింది ఒక్క క్లాంపు.